చెరువు నీటిలోని సూక్ష్మ క్రస్టేషియన్లను సేకరించి గుర్తించే విధానం

వానలకు నిండిన చెరువు నుంచి ఒక గాజు గ్లాసుతో నీళ్లు ముంచి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే, ఆవగింజలో సగం కూడా లేని తెల్లటి చుక్కలు ఆగి ఆగి గెంతుతూ కనిపిస్తాయి. రొయ్యకూ పీతకూ దూరపు చుట్టాలైన ఈ సూక్ష్మ క్రస్టేషియన్లలో మన చెరువుల్లో ప్రధానంగా ఎదురయ్యేవి మూడు వర్గాలు. డాఫ్నియా, మొయినా వంటివి క్లాడోసెరన్లు. సైక్లాప్స్, డయాప్టమస్ వంటివి కోపిపోడ్లు. రెండు చిప్పల మధ్య ఒళ్లంతా దాచుకునేవి ఆస్ట్రకాడ్లు. చేపపిల్లలకు ఇవి ముఖ్యమైన తొలి ఆహారం కనుక చేపల పెంపకందారులకు లీటరు నీటిలో ఎన్ని ఉన్నాయన్న లెక్క కావాలి. చెరువు జీవవైవిధ్యాన్ని చదివేవారికి ఏ జాతులు ఉన్నాయన్న పట్టిక కావాలి. ఈ రెండింటికీ సేకరణ పద్ధతి ఒకటి కాదు; ఏది కావాలో వల చేతపట్టక ముందే తేల్చుకోవాలి.

లెక్క కోసమైతే సుమారు 60 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కన్ను ఉన్న నైలాన్ ప్లాంక్టన్ వల, అంటే నీటిలో తేలే సూక్ష్మజీవులను పట్టే వల తీసుకోవాలి. 150 మైక్రాన్ల వల అంత త్వరగా మూసుకుపోదు కానీ, కోపిపోడ్ల తొలి పిల్లరూపాలైన నాప్లియస్ లార్వాలు అందులోంచి జారిపోతాయి. లోతైన జలాశయంలో పడవ మీద నుంచి వలను నిలువుగా దించి, నెమ్మదిగా, ఒకే వేగంతో పైకి లాగుతారు. మూతి వ్యాసం 25 సెంటీమీటర్లు ఉన్న వలను 4 మీటర్లు లాగితే లెక్క ప్రకారం దాని గుండా 196 లీటర్ల నీరు వెళ్లాలి. పచ్చగా పాచి పట్టిన నీటిలో ఈ లెక్కను నమ్మడానికి లేదు, ఎందుకంటే కన్నులు పూడుకుపోయి నీరు వల లోపలికి రాకుండా పక్కలకు తప్పుకుంటుంది. రెండు మూడు మీటర్ల లోతుకు మించని ఊరి చెరువుకు బకెట్ పద్ధతే మేలు. తెప్ప మీద నుంచి 10 లీటర్ల బకెట్‌తో ఐదుసార్లు ముంచి వలలో పోస్తే, వడపోసిన నీరు కచ్చితంగా 50 లీటర్లు. వీటిలో చాలా జాతులు పగలు లోతుకు దిగి రాత్రి పైకి వస్తాయి కాబట్టి, మిట్టమధ్యాహ్నం పైనీటిని మాత్రమే ముంచి చెరువులో ఏమీ లేవని రాయకూడదు. తూము దగ్గర, నడిమధ్యన, శిఖం వైపు లోతు తక్కువ నీటిలో, ఇలా మూడు చోట్ల సేకరించడం, ప్రతి నెలా అదే వేళకు వెళ్లడం అవసరం.

జాతుల పట్టిక కోసమైతే నడిచెరువును వదిలి ఒడ్డుకు రావాలి. మొక్కలు లేని నడినీటిలో ఈదే జాతులు కొన్నే. కైడోరిడే కుటుంబానికి చెందిన చిన్న క్లాడోసెరన్లు, ఆస్ట్రకాడ్లు, హార్పాక్టికాయిడ్ కోపిపోడ్లు ఎక్కువగా మొక్కల వేళ్ల మీద, ఆకుల అడుగున, బురద పైపొరలో ఉంటాయి. గుర్రపుడెక్కను మొదలంటా మెల్లగా ఎత్తి, వేళ్ల కుచ్చును సగం నీళ్లున్న బకెట్‌లో గట్టిగా జాడించి, ఆ నీటిని వలలో వడపోయాలి. తామరాకు కాడను, హైడ్రిల్లా తీగను, వరిగడ్డి కుళ్లుతున్న మూలను విడివిడిగా జాడించి విడివిడి సీసాల్లో పెడితే, ఏ జాతి ఎక్కడ ఉంటుందో కూడా తెలుస్తుంది. ఇక్కడ లీటరు లెక్క కుదరదు, దాని గురించి బెంగ పెట్టుకోనక్కర్లేదు.

వేసవిలో ఎండిపోయే చెరువుకు ఇంకో దారి ఉంది. చాలా క్లాడోసెరన్లు కష్టకాలంలో గట్టి పెంకు గల విరామ గుడ్లను పెడతాయి; డాఫ్నియాలో ఇవి జీను ఆకారపు నల్లటి పొరలో ఉండి, నీరు పోయినా మట్టిలో బతికే ఉంటాయి. ఏప్రిల్, మే నెలల్లో ఎండిన నేల పైపొర మట్టిని రెండు మూడు చోట్ల నుంచి గుప్పెడేసి తెచ్చి, వెడల్పాటి గాజు పాత్రలో పోసి, క్లోరిన్ లేని నీళ్లు నింపి వెలుతురు తగిలేచోట పెడితే, కొన్ని రోజుల్లోనే పిల్లలు బయటికి వస్తాయి. వల్లో ఎన్నడూ పడని జాతులు ఇలా దొరకడం అరుదేమీ కాదు.

సేకరించిన నమూనాను అక్కడికక్కడే భద్రపరచాలి, లేకపోతే సైక్లాప్స్ మిగతావాటిని తినేస్తుంది. తొమ్మిది వంతుల నమూనాకు ఒక వంతు మార్కెట్ ఫార్మాలిన్ కలపడం వాడుకలో ఉన్న పద్ధతి. ఫార్మాలిన్ క్యాన్సర్ కారకం కాబట్టి చేతికి గ్లవ్స్ వేసుకుని, గాలి ఆడేచోట వాడాలి. మామూలు ఫార్మాలిన్ తగలగానే డాఫ్నియా కవచం ఉబ్బి, గుడ్లు బయటికి రాలిపోతాయి. ఫార్మాలిన్ ద్రావణంలో లీటరుకు 40 గ్రాముల పంచదార ముందే కలిపితే ఈ నష్టం బాగా తగ్గుతుంది. కొద్దిగా సోడానీళ్లు పోసి ముందు మత్తు కలిగించినా ప్రయోజనం ఉంటుంది. డీఎన్ఏ పరీక్ష చేయించే ఉద్దేశం ఉంటే మాత్రం ఫార్మాలిన్ ముట్టకుండా 95 శాతం ఆల్కహాల్ వాడాలి. చెరువు పేరు, తేదీ, వేళ, చోటు చీటీ మీద పెన్సిల్‌తోనే రాసి సీసా లోపల వేయాలి; బయట అంటించిన చీటీ ఊడిపోతే ఆ నమూనాకు విలువ లేదు.

లెక్కించడానికి నమూనాను 100 మిల్లీలీటర్లకు సరిచేసి, బాగా కలిపి, వెడల్పు మూతి పిప్పెట్‌తో 1 మిల్లీలీటరు తీసి సెడ్జ్‌విక్ రాఫ్టర్ గదిలో, అంటే మైక్రోస్కోపు కింద లెక్కపెట్టడానికి వాడే గుంట ఉన్న గాజు పలకలో పోస్తారు. ఇలా పలుమార్లు తీసి లెక్కపెట్టి సగటు తీయాలి. సగటున 12 వచ్చి, వడపోసిన నీరు 50 లీటర్లయితే, 12ను 100తో హెచ్చించి 50తో భాగిస్తే లీటరుకు 24.

గుర్తింపులో మొదటి మెట్టు సులువు. కొమ్మలు చీలిన పెద్ద స్పర్శకాలతో (తలకు ఉండే మీసాల్లాంటి అవయవాలతో) గెంతుతూ, ఒకే పెద్ద కన్నుతో, తల బయటికి కనిపిస్తే క్లాడోసెరన్. తల కూడా చిప్పల్లోనే ఉంటే ఆస్ట్రకాడ్. కోపిపోడ్‌కు చిప్పలు ఉండవు. స్పర్శకాలు దాదాపు తోక దాకా సాగి, ఆడది ఒకే గుడ్ల సంచి మోస్తుంటే డయాప్టమస్ వంటి కాలనాయిడ్. స్పర్శకాలు పొట్టిగా, గుడ్ల సంచులు ఇరుపక్కలా రెండు ఉంటే సైక్లాప్స్ వర్గం. నారికురుపు పురుగును మనిషికి చేర్చింది ఈ సైక్లాప్స్ వర్గమే. తాగునీటిని గుడ్డతో వడపోయడం వంటి చర్యలతో మన దేశం 2000 సంవత్సరంలో ఆ జబ్బు నుంచి విముక్తి పొందింది.

క్లాడోసెరన్లలో ముక్కు పొడుచుకొచ్చి వెనుక ముల్లు ఉంటే డాఫ్నియా, గెంతే పెద్ద స్పర్శకాలు కాక తల ముందున్న చిన్న జత ఏనుగు తొండంలా వంగి కదలకుండా ఉంటే బాస్మినా, ముల్లూ ముక్కూ లేని గుండ్రటి ఒంటికి ఆ చిన్న జతే పొడవుగా ఉండి కదులుతుంటే మొయినా. అయితే డాఫ్నియా లమ్‌హోల్ట్‌జీ అనే జాతి తలమీద చేపల బెడద ఎక్కువైనప్పుడు కోసుగా టోపీ పెరుగుతుంది, లేనప్పుడు గుండ్రంగానే ఉంటుంది. కొత్తవారు ఈ రెంటినీ రెండు జాతులుగా రాస్తారు. ఒక రూపాన్ని కొత్త జాతి అనుకునే ముందు మధ్యరూపాలు ఉన్నాయేమో అదే సీసాలో వెతకాలి.

కోపిపోడ్లను జాతి వరకు తేల్చాలంటే ఐదో జత కాళ్లు చూడక తప్పదు. గాజు పలక మీద ఒక చుక్క గ్లిజరిన్‌లో మగ డయాప్టమస్‌ను పక్కకు పడుకోబెట్టి, పుల్లకు అమర్చిన సన్నటి కీటకాల సూదితో ఒంటిని నొక్కిపట్టి, రెండో సూదితో తోక ముందున్న ఖండాన్ని వేరు చేయాలి. కుడికాలు పెద్దదై కొసన పొడవాటి పంజా ఉంటుంది, ఎడమకాలు చిన్నది. ఆ పంజా ఆకారమూ దాని ముల్లు ఉన్న చోటూ జాతిని చెబుతాయి. గాజు మూత కాలిని చితక్కొట్టకుండా మూలల్లో చిటికెడు మైనం పెట్టాలి. సైక్లాప్స్ వర్గంలో ఐదో కాలు చిన్న మొలక మాత్రమే; అది రెండు ఖండాలుగా ఉండి, లోపలి ముల్లు చివరి ఖండం నడుమ నుంచి మొలిస్తే మీసోసైక్లాప్స్, కొసన మొలిస్తే థర్మోసైక్లాప్స్. పిల్లరూపాలకు ఈ లక్షణాలు పూర్తిగా రావు కనుక వాటిని వర్గం పేరుతోనే నమోదు చేయాలి.

ఐరోపా పుస్తకాల బొమ్మలతో మన చెరువు జీవులకు పేర్లు పెట్టడం ఇప్పటికీ పోలేదు. ఒకే జాతి ప్రపంచమంతా ఉంటుందన్న పాత నమ్మకాన్ని డేవిడ్ ఫ్రే అనే అమెరికా శాస్త్రవేత్త 1980ల్లోనే ప్రశ్నించారు. కైడోరస్ స్ఫేరికస్ అనే ఒకే క్లాడోసెరన్ జాతిగా అంతటా రాసినది నిజానికి అనేక జాతుల గుంపు. కాబట్టి దక్షిణాసియా జాతులకు రాసిన గుర్తింపు పట్టికలే వాడాలి. కాలనాయిడ్లలోని డయాప్టమిడే కుటుంబానికి నాగార్జున విశ్వవిద్యాలయానికి చెందిన వై. రంగారెడ్డి చేసిన కృషి మనకు దగ్గరి ఆధారం. సందేహం తీరకపోతే ప్రజాతి (జాతికి పై మెట్టు, డాఫ్నియా వంటిది) పేరు దగ్గరే ఆగి, మగా ఆడా కొన్ని నమూనాలను ఆల్కహాల్‌లో విడిగా దాచి, హైదరాబాద్‌లోని జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా మంచినీటి జీవశాస్త్ర కేంద్రం వంటి చోట నిపుణులకు చూపించడం మంచిది. కొల్లేరు, పాకాల వంటి అభయారణ్యాల్లో సేకరణకు అటవీశాఖ అనుమతిని ముందుగానే రాతపూర్వకంగా తీసుకోవాలి.