అమెరికా ఏటీఎంలో స్క్రీన్ మీద ఒక ఫీజు, అకౌంట్‌లో ఇంకో ఫీజు: ఎక్కడ తేడా కొడుతోంది?

డాలస్ వైపు కొత్తగా దిగిన స్టూడెంట్స్ అందరూ ఇదే అడుగుతున్నారు, అందుకే ఒకసారి రాసి పెట్టేస్తున్నా.

సమస్య: 3.50 అని చూపించి 6.50 లాగేసింది

నాకూ అయింది. ఓ గ్యాస్ స్టేషన్‌లో చిప్స్ ర్యాక్ పక్కనున్న మెషిన్‌లో 60 డాలర్లు తీశా, ఫీజు 3.50 అంటే సరేలే అని యెస్ కొట్టా, రాత్రి యాప్ చూస్తే 63.50 ఒక లైన్, దాని కిందే ఇంకో 3 డాలర్లు.

కారణం: ఫీజు తీసుకునేవాళ్లు ఇద్దరు, మెషిన్ ఓనరు, మన బ్యాంకు. ఎలక్ట్రానిక్ లావాదేవీల మీద ఉన్న ఫెడరల్ రూల్ Regulation E ప్రకారం మెషిన్ వాడు తన ఫీజు ఎంతో ముందే స్క్రీన్ మీదో పేపర్ మీదో చూపించాలి, మనం ఓకే అన్నాకే తీసుకోవాలి. మన బ్యాంకు ఎంత వేస్తుందో వాడు చెప్పక్కర్లేదు, అది అకౌంట్ తీసిన రోజు మనం చదవకుండా యాక్సెప్ట్ కొట్టిన ఫీజుల లిస్టులో ఉంటుంది. ఫెడరల్ రూల్‌లో చెప్పి తీరాలనే ఉంది గానీ ఇంతకంటే ఎక్కువ తీసుకోకూడదని లేదు, 8 డాలర్లు అని చూపించి తీసుకున్నా తప్పు కాదు.

పరిష్కారం: బ్యాంకు యాప్‌లో ఏటీఎం లొకేటర్ చూసి, మన బ్యాంకు ఫీజు వేయని మెషిన్‌కే వెళ్లండి. అర్జెంటైతే గ్రాసరీ షాపులో డెబిట్ కార్డుతో ఏదో ఒకటి కొని క్యాష్ బ్యాక్ అడగండి (ఆఫర్ కాదు, బిల్లుతో పాటు కార్డు మీద ఇంకొంత గీకి ఆ డబ్బు చేతికిస్తారు), చాలా చోట్ల ఫీజు ఉండదు.

సమస్య: మెషిన్ మీద ఫీజు స్టికరే లేదు

కేసు వేద్దామనుకోకండి. ఒకప్పుడు స్టికర్ కూడా కంపల్సరీ, అది లేదని తెగ కేసులు పడేవి, కావాలనే పీకేస్తున్నారని మెషిన్ వాళ్ల గోల. 2012 డిసెంబర్‌లో ఆ రూల్ తీసేశారు. ఇప్పుడు లెక్క స్క్రీన్‌దే.

సమస్య: స్క్రీన్ అసలేం చెప్పలేదు, లేదా చెప్పినదానికంటే ఎక్కువ కట్ చేసింది

ఇది మాత్రం వదలొద్దు. రసీదు దాచి బ్యాంకుకి ఫోన్ చేయండి, స్టేట్‌మెంట్ పంపిన 60 రోజుల్లోపే చెప్పాలి. వాళ్లు 10 బిజినెస్ డేస్‌లో తేల్చాలి, ఇంకా టైమ్ కావాలంటే ఆ డబ్బు తాత్కాలికంగా అకౌంట్‌లో వేసి 45 రోజుల దాకా చూడొచ్చు. అకౌంట్‌లో మొదటిసారి డబ్బు వేసి 30 రోజులు కూడా కాకపోతే ఆ 10 కాస్తా 20 అవుతుంది, కొత్త స్టూడెంట్స్‌కి ఇక్కడే చిరాకు. అప్పటికీ కదలకపోతే బ్యాంకుల మీద కస్టమర్ల కంప్లైంట్లు తీసుకునే ఫెడరల్ సంస్థ సీఎఫ్‌పీబీ (CFPB) సైట్‌లో కంప్లైంట్ పెట్టండి.

సమస్య: బ్యాలెన్స్ చూసినందుకే ఫీజు

వేయొచ్చు, కాకపోతే ముందు చెప్పాలి. యాప్‌లో చూసుకోండి బాబూ.

సమస్య: ఇండియా కార్డు పెడితే రూపాయల్లో తీసుకోనా అని అడుగుతోంది

మెషిన్ వాడి రేటులో వాడి మార్జిన్ కలిపి ఉంటుంది, నో అనండి. డిక్లైన్ నొక్కితే మొత్తం క్యాన్సిల్ అవుతుందేమో అని వెనక లైన్‌ని చూసి కంగారుపడి యాక్సెప్ట్ కొట్టేస్తుంటారు. అది డిక్లైన్ చేసేది వాళ్ల రేటుని మాత్రమే, డబ్బులు వస్తాయి. ఇండియా బ్యాంకు వేసే ఫారెక్స్ మార్కప్ (డాలర్లను రూపాయల్లోకి మార్చినందుకు వేసే అదనపు ఛార్జీ), విత్‌డ్రాయల్ ఛార్జీ ఉంటే అవి ఎలాగూ తప్పవు.