రాగులు, వడ్లు, కందులు... కోశాక ఎక్కడ పెట్టాలి?

బెంగళూరులో ఉద్యోగం, శని ఆదివారాలు కోలారు జిల్లా ముళబాగిలు వైపు పొలం. ఇలా తిరిగే తెలుగువాళ్ళు నాకు చాలామందే తెలుసు. విత్తనం, డ్రిప్ గురించి గంటలు మాట్లాడతారు గానీ కోసిన పంట ఎక్కడ పెట్టాలన్నది నూర్పిడి రోజు దాకా ఎవరికీ గుర్తు రాదు.

ఏం కట్టాలన్నది తర్వాత, ముందు గింజ ఆరిందా చూడండి. పొడి గాజుసీసాలో మూడోవంతు గింజలు పోసి, రెండు చెంచాల పొడి ఉప్పు వేసి, మూత బిగించి బాగా ఊపి పది నిమిషాలు పక్కన పెట్టండి. ఉప్పు గాజుకు అంటుకుంటే తేమ 15 శాతం పైనే ఉన్నట్టు, ఇంకో రెండు ఎండలు కావాలి. కందులు, పెసలకైతే 9, 10 శాతానికి రావాలి, పంటికింద పటుక్కుమనాలి.

రాగులకు పాతరను మించింది లేదని నా నమ్మకం. కోలారు పల్లెల్లో దీన్నే హగేవు అంటారు. నీళ్ళు నిలవని మెరక చూసి గొయ్యి తవ్వి, చుట్టూ గడ్డి పరిచి, రాగులు నిండా పోసి, పైన మళ్ళీ గడ్డి వేసి, బండ మూసి మట్టి మెత్తాలి. లోపల గాలిలో ప్రాణవాయువు తగ్గిపోతుంది కాబట్టి పురుగు బతకదు, రాగులు ఏళ్ళ తరబడి ఉంటాయి. మనిషికి ప్రమాదం కూడా అదే. బండ తీయగానే దిగకండి, పిల్లల్ని దించనే దించకండి. ఒక రోజంతా తెరిచి ఉంచి, దీపం దించి చూడండి, అది ఆరిపోతే ఇంకా ఆగాలి. వెలిగినా సరే, పైన ఒక మనిషి లేకుండా దిగొద్దు.

వడ్లకు గాదె. వెదురుతో అల్లి, పేడా మట్టీ మెత్తి, రాతికాళ్ళ మీద నిలబెడతారు. కోస్తాలో అయితే వరిగడ్డి తాడు చుట్టి పురి కడతారు. కాళ్ళు మూడడుగుల ఎత్తు ఉంచి, ఒక్కో కాలికి రేకు గరాటా బోర్లా తొడిగితే ఎలుక ఎక్కలేదు.

ఇనుప డబ్బా కొంటే నీడలో పెట్టండి. మేం కందుల డబ్బాని రేకుల షెడ్డులో ఎండ తగిలే గోడకి ఆనించాం. పగలు కాలి, రాత్రి చల్లబడి, మూత లోపలివైపు చెమట పట్టినట్టు నీటిబొట్లు. పైన జానెడు మందం కందులు బూజు పట్టి ముద్దకట్టాయి, చేయి పెడితే వెచ్చగా తగిలింది. అవ్వ నోట మాట రాలేదు.

బస్తాలైతే చెక్కల మీద, గోడకి అడుగు దూరంలో పేర్చండి, చాలు. ఉల్లిని మూటకట్టి ఉంచొద్దు, గాలాడే తడికెల షెడ్డులో పరచండి.

పశువుల మేత లెక్క దీనికి పూర్తిగా తలకిందులు. మొక్కజొన్న సైలేజీకి, అంటే గాలి తగలకుండా పులియబెట్టే పచ్చిమేతకు, 65, 70 శాతం తేమ ఉండాలి. ముక్కలు చేసి, గుంతలో పొరపొరగా తొక్కి గాలి బయటికి పోగొట్టి, ప్లాస్టిక్ పట్టా కప్పి బరువు పెట్టండి. 45 రోజులకు తీయొచ్చు. తీసేటప్పుడు ఒక పక్క నుంచే ఆ రోజుకి కావలసినంత కోసుకుని వెంటనే మూసేయండి.