మియాపూర్ పక్కనే చెరువు, నాకు నిద్ర తెచ్చింది

ఆరు నెలలు సరిగ్గా నిద్ర లేదు. ఆఫీసు టెన్షన్, రాత్రి రెండింటి దాకా ఫోను, పొద్దున్నే తలనొప్పి. అరకు వెళ్దామని ప్రతి నెలా అనుకోవడం, సెలవు దొరక్క మానుకోవడం. ఇంటికి నాలుగు కిలోమీటర్లలో అమీన్‌పూర్ చెరువు ఉందని తెలుసు, 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారని కూడా తెలుసు, కానీ ఒక్కసారీ పోలేదు.

మొదటి వారం ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని గట్టు మీద గబగబా నడిచి వచ్చేశాను, ఏ మార్పూ లేదు. తర్వాత ఫోను ఇంట్లోనే వదిలేసి, ఆరింటికల్లా వెళ్ళి ఒకే బండ మీద అరగంట కదలకుండా కూర్చోవడం మొదలుపెట్టాను. అసలు తేడా అక్కడే వచ్చింది. మనం కదలకపోతే పిట్టలు భయపడవు. నీటికాకులు రెక్కలు చాపి ఎండకు ఆరబెట్టుకుంటాయి, లకుముకి పిట్ట కొమ్మ మీంచి రివ్వున దూకి చేపతో లేస్తుంది, అప్పుడు దాని వీపు మీద ఆ నీలం చూడాలి, ఎంత అందమో! చలికాలంలో అయితే ఫ్లెమింగోలు కూడా వస్తాయి.

మూడో వారానికి రాత్రి పదిన్నరకే కళ్ళు మూతపడుతున్నాయి. చెరువు చుట్టూ ఇళ్ళు పెరుగుతుంటే మాత్రం గుండె కలుక్కుమంటుంది. మీరు వెళ్తే బిస్కెట్ కవర్లు అక్కడ పడేయకండి, దయచేసి.