సెకండ్ హ్యాండ్ చిన్న పిస్టల్ కొనే ముందు

డల్లాస్ చుట్టుపక్కల గ్రీన్ కార్డు వచ్చిన మనవాళ్లు ఇంటి రక్షణకని చవగ్గా పాత పిస్టల్ కొనాలనుకుంటే, ఒకసారి వచ్చి చూడమని నన్ను పిలుస్తుంటారు. (హెచ్-1బి మీద ఉన్నవాళ్లు ముందు లాయరును అడగండి. తుపాకీ దగ్గర పెట్టుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది, వేట లైసెన్సు లాంటి కొద్దిపాటి మినహాయింపులే ఉన్నాయి.) పేలాల్సినప్పుడు పేలకపోతే చాలాసార్లు బాగుచేయించుకోవచ్చు. పేలకూడనప్పుడు పేలేలా ఉంటే మాత్రం ఎంత తగ్గించి ఇచ్చినా వద్దనే చెబుతాను.

ముందు మోడలు, సీరియల్ నంబరు చూడండి. చవకైనవన్నీ చెత్త కావు. హై-పాయింట్ కంపెనీ పిస్టల్ బరువుగా, మొద్దుగా ఉంటుంది, అయినా ఎన్ని చేతులు మారినా కంపెనీయే బాగుచేసి ఇస్తుంది. పేరున్నవాటిలోనూ లోపాలు వచ్చాయి. 370తో మొదలయ్యే నంబర్లున్న ఎల్‌సీపీ మోడల్ పిస్టళ్లను కిందపడితే పేలవచ్చని రుగర్ 2008లో వెనక్కి పిలిచింది. 2013 ఆగస్టు 19కి ముందు తయారైన షీల్డ్ పిస్టళ్ల ట్రిగ్గర్‌ను తనిఖీ చేసుకోమని స్మిత్ అండ్ వెసన్ హెచ్చరించింది. ఇలాంటి హెచ్చరికలేమైనా ఉన్నాయేమో కంపెనీ సైటులో చూసుకోండి. నంబరు చూపించడానికి అమ్మేవాడు వెనకాడితే బేరం అక్కడితో ఆపేయండి.

రావెన్, జెన్నింగ్స్, బ్రైకో, లోర్సిన్ పేర్లు కనిపిస్తే ఇంకా జాగ్రత్త. 1968 చట్టం చవక పిస్టళ్ల దిగుమతిని అడ్డుకున్నాక దక్షిణ కాలిఫోర్నియాలో పుట్టుకొచ్చినవి ఇవి. ఎక్కువగా జింక్ మిశ్రమంతో పోతపోసినవి. కొన్ని బ్రైకో మోడళ్లలో సేఫ్టీ (పేలకుండా ఆపే మీట) తీస్తే తప్ప స్లైడ్ (వెనక్కీ ముందుకీ కదిలే పైభాగం) వెనక్కి రాదు, అంటే తూటా బయటికి తీసే సమయానికే సేఫ్టీ ఉండదు. అలాంటిది పిల్లలున్న ఇంట్లోకి తెచ్చుకోకండి.

చేతికి తీసుకున్నాక మొదట మ్యాగజైన్ (తూటాలు నింపే డబ్బా) తీసేయండి, స్లైడ్ వెనక్కి లాగి ఛాంబర్‌లోకి (పేలే ముందు తూటా కూర్చునే చోటులోకి) కళ్లతో చూడండి, వేలితో తడమండి. అమ్మేవాడు "ఖాళీదే" అన్నా సరే, మీరు చూడాల్సిందే. బ్యారెల్‌లోకి వెనకనుంచి వెలుగు పడేలా చూస్తే లోపల నల్లటి వలయం ఏదైనా ఉందా తెలుస్తుంది. ఒక తూటా ఇరుక్కున్నప్పుడు వెనకే ఇంకోటి పేలిస్తే బ్యారెల్ అలా ఉబ్బుతుంది. పేలిన తూటాల ఖాళీ తొడుగులు బయటికి పడే కిటికీ మూలల్లో, స్లైడ్ జారే ఫ్రేమ్ పట్టాల మీద సన్నటి పగుళ్లకోసం వెతకండి.

తర్వాత అమ్మేవాడి అనుమతి తీసుకుని ఖాళీ పిస్టల్‌నే, మూతి మనుషులవైపు లేకుండా పరీక్షించండి. .22 (చిన్న తూటా సైజు) పిస్టల్ అయితే డమ్మీ తూటా లేకుండా ట్రిగ్గర్ నొక్కవద్దు. సేఫ్టీ ఉంటే అది పెట్టి ట్రిగ్గర్ గట్టిగా నొక్కి వదలండి, ఆ తర్వాత సేఫ్టీ తీయండి. ట్రిగ్గర్ ముట్టకుండానే లోపల టక్కుమంటే ఆ పిస్టల్ వద్దు. హ్యామర్ (తూటాను పేల్చడానికి కొట్టే సుత్తి) బయటికి కనిపించేదైతే, పూర్తిగా ఎక్కించి బొటనవేలితో ముందుకు నెట్టండి, అది జారకూడదు. ఇక ట్రిగ్గర్ నొక్కి పట్టుకునే స్లైడ్‌ను లాగి వదలండి. నెమ్మదిగా ట్రిగ్గర్ వదిలితే అది మళ్లీ పట్టుకున్న క్లిక్ వినిపించాలి, అంతవరకూ ఏదీ పడకూడదు. ఒక్క నొక్కుకు రెండు పేలే జబ్బు ఇక్కడే బయటపడుతుంది.

ఇవన్నీ దాటితే లైసెన్సున్న దుకాణం ద్వారా బదిలీ చేయించుకుని రేంజికి తీసుకెళ్లండి. మొదట మ్యాగజైన్‌లో రెండే తూటాలు పెట్టండి. ఒక్కసారి నొక్కితే రెండూ పోయాయంటే ఇంక కాల్చకండి, తుపాకీ మెకానిక్‌కు ఇచ్చేయండి. బాగుంటే మామూలు తూటాలు ఓ పెట్టె, తర్వాత ఇంట్లో నింపిపెట్టదలుచుకున్న హాలో పాయింట్ తూటాలు (మొన గుల్లగా ఉండేవి) కొన్ని కాల్చండి. ఇరుక్కుంటుంటే ముందు మ్యాగజైన్ మార్చి చూడండి, పాత చిన్న పిస్టళ్లలో తప్పు చాలాసార్లు దానిదే. దాని పెదవులు, అంటే తూటాను పట్టి ఉంచే పై అంచులు, వంగిపోతాయి, స్ప్రింగ్ అలిసిపోతుంది. స్లైడ్‌ను తిరిగి ముందుకు నెట్టే రీకాయిల్ స్ప్రింగ్ కూడా కొత్తది వేయించండి, చిన్న పిస్టల్‌లో అది త్వరగా అరుగుతుంది, ఖరీదేమీ ఎక్కువ కాదు.