ఊళ్ళో తిరుగుతూ ఫ్రెంచ్: ‘కి’ వినిపిస్తే ‘ద’

ఫ్రెంచ్ మొదలుపెట్టినవాళ్ళకు ఓ చిన్న కిటుకు. ఊళ్ళోని చోట్ల పేర్లు పుస్తకంలో బట్టీ పట్టకండి, రోజూ నడిచే దారిలో చెప్పుకోండి. నేను బరంపురంలో పాత బస్టాండు నుంచి ఇంటికొస్తూ అదే చేస్తాను. స్టేషన్ లా గార్, మార్కెట్ ల మార్షే, ఆసుపత్రి లోపితాల్. ముందున్న ‘ల’, ‘లా’ వదిలేస్తే తర్వాత తిప్పలే, పేరుతో కలిపే నేర్చుకోండి.

అసలు టెన్షన్ ‘ఎదురుగా, వెనక’ దగ్గర. మనకీ ఒడియాకీ ఆ మాట పేరు తర్వాత వస్తుంది: స్టేషన్ ముందు, స్టేషన్ ఆగరే. ఫ్రెంచ్‌లో ముందే వచ్చేస్తుంది: దవాఁ లా గార్.

‘స్టేషన్‌కి ఎదురుగా’ అంటాం కదా, ఆ ‘కి’ ఉన్నచోట ఫ్రెంచ్‌లో ‘ద’ పెట్టండి: ఆఁ ఫాస్ ద లా గార్. ‘స్టేషన్ ముందు’, ‘స్టేషన్ వెనక’ల్లో ‘కి’ లేదు, అక్కడా ‘ద’ ఉండదు: దవాఁ లా గార్, దెర్యేర్ లా గార్. ‘పక్కన’, ‘దగ్గర’ మాత్రం మొండివి, మనం ‘కి’ అనకపోయినా ‘ద’ అడుగుతాయి: ఆ కోతే ద, ప్రె ద.

ఇంకొకటి. ‘ద’ పక్కన ‘ల’ వస్తే రెండూ కలిసి ‘ద్యు’ అవుతాయి: ఆఁ ఫాస్ ద్యు మార్షే. ‘ద లా’ మాత్రం కలవదు. నేను నెలరోజులు ‘ద ల మార్షే’ అనే తిరిగాను.

వాక్యం కావాలంటే ముందు ‘ఇల్యా’ చేర్చండి, ‘ఉంది’ అని. మందుల షాపు కనబడిందా: ఇల్యా యున్ ఫార్మసీ ఆ కోతే ద్యు మార్షే.