చేతులతో లెక్కలు, 4వ పాఠం: మాటా వేలూ ఒకేసారి

పోయిన పాఠంలో పిల్లలకు వేళ్ల సైగతో నేర్పమన్న 3 + 4 + 5 = __ + 5 లెక్క మీలో చాలామంది దగ్గర అడ్డం తిరిగింది. కొందరు పిల్లలు ఖాళీలో 12 వేశారు, కొందరు అన్నీ కలిపేసి 17 వేశారు. రావలసింది 7. సమాన గుర్తు కనబడగానే జవాబు రాసేయాలనుకునే అలవాటు మీకు తెలిసిందే, దాని జోలికి మళ్లీ పోను. సైగ చేసినా ఎందుకు ఎక్కలేదో చూద్దాం.

సైగ మరోసారి: చూపుడు వేలు 3 కింద, నడిమి వేలు 4 కింద ఆనించాలి. తర్వాత ఒక్క చూపుడు వేలితో ఖాళీని చూపాలి. నోటితో అనేది మాత్రం "ఈ పక్కా ఆ పక్కా సమానం కావాలి" అనే. 3, 4 కలపమని నోరు చెప్పకూడదు, ఆ సంగతి వేళ్లే చెప్పాలి. మనస్తత్వ శాస్త్రవేత్త సుసాన్ గోల్డిన్-మెడో బృందం 2009లో ప్రచురించిన ప్రయోగంలో పిల్లల చేతనే ఈ సైగ చేయించారు. సరైన అంకెల కింద వేళ్లు పెట్టినవాళ్లు బాగా నేర్చుకున్నారు. తప్పు అంకెల కింద పెట్టినవాళ్లు కూడా, అసలు సైగ చేయనివాళ్ల కంటే మెరుగ్గా ఉన్నారు.

ఇక అసలు తప్పు. మీలో ఎక్కువమంది వాక్యం మొత్తం చెప్పేసి, ఆ తర్వాత వేళ్లు పెడుతున్నారు. దయచేసి ఇది మానండి. "ఈ పక్క" అన్న క్షణంలో వేళ్లు కనబడకపోతే, ఆ మాటకు మూడంకెలూ కలిపి అని పిల్లవాడు అర్థం చెప్పేసుకుంటాడు. ఆలస్యంగా వచ్చిన వేళ్లు వాడికి ఇంకో కొత్త సూచనలా కనబడతాయి, రెంటికీ ముడి పడదు. మాటా సైగా ఒకేసారి వస్తే నేర్చుకున్నది ఎక్కువ కాలం నిలుస్తుందని, కొత్త రకం లెక్కలకూ పనికొస్తుందని 2017 నాటి మరో ప్రయోగం తేల్చింది. "ఈ" అనకముందే వేళ్లు ఆనాలి, "పక్క" పూర్తయ్యేదాకా కదలకూడదు. తాకీ తాకనట్టు తీసేస్తే లెక్కలోకి రాదు.

చేయి కింది నుంచి రావాలి. పైనుంచి వస్తే ముంజేయి అంకెల్ని కప్పేస్తుంది. అంకెల మధ్య ఎడం మీ రెండు వేళ్లకు అందేంతే ఉండాలి. 5ను అరచేత్తో మూసి చూపించే పద్ధతి నాకు నచ్చదు, పిల్లలు దాన్ని లెక్కలోంచి తీసేశారనుకుంటారు.

ఎప్పుడూ మొదటి రెండంకెల కిందే పెడితే పిల్లలు చోటునే బట్టీ పడతారు. 3 + 4 + 5 = 3 + __ లో వేళ్లు 4, 5 కిందికి పోవాలి.

అభ్యాసం: ఖాళీ చోటు మారుస్తూ 12 లెక్కలు రాసి, చెబుతూ ఫోన్‌లో వీడియో తీయండి. శబ్దం ఆపేసి ఇంకొకరికి చూపండి, ఏ రెండంకెలు కలపాలో వాళ్లు చెప్పగలగాలి. తర్వాత శబ్దంతో నడిపి, "పక్క" దగ్గర ఆపి వేళ్లెక్కడున్నాయో చూడండి. చివరగా 3 + 4 + 5 = __ + 6. ఇక్కడ రెండు వేళ్ల సైగ పనిచేయదు. రెండు పక్కల మొత్తాలనూ చూపించే సైగ మీరే కట్టి, అదే వాక్యంతో జతచేయండి.