ఇంట్లో కుట్టే పసిపిల్లల అంగీ – 3వ పాఠం: చంక ముక్క

కిందటి పాఠంలో ఉతికి గంజి వదిలించిన పాత ధోవతిలోంచి ఒంటి ముక్క (74 × 32 సెం.మీ.), చేతుల ముక్కలు రెండు (22 × 16) కోసుకున్నాం. ఇప్పుడు చంకలకు 7 సెం.మీ. చౌకాలు రెండు కోయండి. పోగు వెంట తిన్నగా కోయాలి. ముందు బట్టను వెలుతురుకు పట్టి చూడండి. నేత పలచబడినచోట కోస్తే నాలుగు ఉతుకులకే పిగులుతుంది.

మహారాష్ట్రలోని సిరొంచలోనైనా, ధర్మాబాద్‌లోనైనా మన తెలుగువాళ్లం అంగీ, కుల్లా అనేవాటినే పక్కింటి మరాఠీవాళ్లు అంగడం-టోపడం అంటారు. పాతకాలపు కోతలో మెడకు తప్ప వంపు ఉండదు. మగ్గం బట్టకు పన్నా (వెడల్పు) తక్కువ, వంపు కోస్తే ముక్క వృథా. ఇంగ్లండు పల్లెల్లో 18, 19 శతాబ్దాల పొలం పనివాళ్లు తొడిగే స్మాక్ అనే వదులు పైచొక్కాదీ ఇదే లెక్క: అన్నీ నలుపలకల ముక్కలు, చంకలో చౌకం. ఛాతీ దగ్గర వెడల్పును మాత్రం వాళ్లు సన్న కుచ్చులుగా లాగి, పైన దారంతో అల్లేవాళ్లు. బట్ట సాగడానికి అదో ఉపాయం. ఎలాస్టిక్ పట్టీలకు థామస్ హాంకాక్ పేటెంటు తీసుకున్నదే 1820లో. కుచ్చుల పని 5వ పాఠంలో.

చేతి ముక్క నడుమను భుజం మడతకు ఆనించి, మంచివైపులు కలిపి, 1 సెం.మీ. లోపలికి కుట్టండి. రెండు కొసల్లోనూ అంచుకు 1 సెం.మీ. ముందే ఆపి ముడి వేయాలి. పాఠమంతటికీ ప్రాణం ఈ ముడే. చేయీ ఒళ్లూ కలిసిన మూలలో చౌకం సరిగ్గా ఒదుగుతుంది: ఒక అంచు చేతికి, పక్క అంచు ఒంటికి. ప్రతి కుట్టూ ముడి దగ్గరే మొదలవ్వాలి. ముందువైపు అయ్యాక భుజం దగ్గర మడిచి, మిగిలిన రెండంచులను వెనకవైపుకు అలాగే కుట్టండి. తర్వాత చౌకం ఒక కొస నుంచి మణికట్టుదాకా, ఎదుటి కొస నుంచి కింది అంచుదాకా. సన్నసూది, ఒంటిపోగు, సెంటీమీటరుకు నాలుగు కుట్లు చాలు.

మూల ముక్కులా పొడుచుకొచ్చిందంటే కుట్టు ముడి దాటిందన్నమాట. పైనుంచి ఇస్త్రీ చేస్తే పోదు, విప్పాల్సిందే.

కుట్టాక చౌకం 5 సెం.మీ. మిగులుతుంది, దాని ఐమూల 7. బిడ్డ చేయెత్తితే చంకలో దొరికే జాగా అదే. పైగా బట్ట ఐమూలగానే సాగుతుంది కదా. ముక్కను తిన్నగా కోయమన్నది అందుకే.

లోపలి అంచుల్లో ఒకదాన్ని సగానికి కత్తిరించి, రెండోది దానిమీదికి మడిచి హెమ్మింగ్ చేయండి. మొదటి రెండు నెలలూ అంగీని తిరగేసి తొడిగితే ముడులు ఒంటికి గీసుకోవు. ఎండాకాలంలో చెమటకు ఒరుసుకునేది ముందు చంకలోనే.

అంగీ చేతులు రెండూ పైకెత్తి పట్టండి. కింది అంచు పైకి లేవకపోతే మెడ కోయవచ్చు.